చదువు, డబ్బు, పదవి: మదమా, దమమా? (విదుర నీతి – ఆదోని దివాను కథ)

ఈ వారం వీడియోలో విదుర నీతి గురించి మాట్లాడుకున్నాం కదా. టైం సరిపోక ఒక మాట దగ్గర ఆగిపోయాం. దాన్ని ఇక్కడ కొంచెం నిదానంగా చూద్దాం.

ముందు నా సంగతి ఒకటి చెప్పాలి. మాది ఆదోని. మా నాయన పత్తి అంగడిలో గుమాస్తా. నాకు ప్రమోషన్ వచ్చిన కొత్తలో ఊరికి వెళ్లాను. నాయన ఫోన్ తెచ్చి, యూపీఐలో డబ్బులు పంపేది ఎట్లో చూపించమన్నాడు. రెండుసార్లు చెప్పాను. మూడోసారి అడిగేసరికి, "నీకు చెప్పినా అర్థం కాదులే నాయనా" అన్నాను. ఆయన ఏమీ అనలేదు. ఫోన్ జేబులో పెట్టుకుని బయటికి వెళ్లిపోయాడు.

ఆ రాత్రి అమ్మ ఒకటే మాట అంది: "నీ మొదటి సంవత్సరం ఫీజుకి సేటు దగ్గర అప్పు రాసిచ్చింది ఆ చేత్తోనేప్పా."

విదురుడు ఏమన్నాడు?

ఉద్యోగ పర్వంలో ధృతరాష్ట్రుడికి నిద్ర పట్టదు. రాజ్యం ఉంది, ధనం ఉంది, నూరుగురు కొడుకులు ఉన్నారు. లేనిది నిద్ర ఒక్కటే. అప్పుడు విదురుణ్ణి పిలిపించుకుంటాడు. ఆయన చెప్పిన వాటిలో ఒకటి: చదువు, డబ్బు, గొప్ప వంశం అనే మూడూ గర్విష్ఠికి మదం, మంచివాడికి దమం.

మదం అంటే మత్తు. దమం అంటే మనసును అదుపులో పెట్టుకోవడం. అవే రెండు అక్షరాలు, అటుదిటు అయ్యాయి అంతే! వస్తువులో దోషం లేదు. అది ఎవరి చేతిలో పడిందన్నదే ప్రశ్న.

వెంకన్న కథ

దీనికి ఉదాహరణ మా ఊళ్లోనే ఉంది. మఠ సంప్రదాయంలో చెప్పుకునే కథ ఇది. వెంకన్న చదువురాని అనాథ పిల్లవాడు. ఆ దారిన వెళ్తున్న రాఘవేంద్ర స్వామి దగ్గర తన కష్టం చెప్పుకున్నాడు. కష్టం వచ్చినప్పుడు నన్ను తలచుకో అని స్వామి దీవించారు. తర్వాత ఒకరోజు ఆదోని నవాబు సిద్ది మసూద్ ఖాన్ అటుగా వచ్చాడు. చేతికి అందిన ఉత్తరాన్ని వెంకన్నను చదవమన్నాడు. రాదంటే నమ్మలేదు, బెదిరించాడు. వెంకన్న గురువును తలచుకున్నాడు, గడగడా చదివేశాడు. ఉత్తరంలో శుభవార్త ఉంది. నవాబు సంతోషించి చేరదీశాడు, వెంకన్న చివరికి ఆదోని దివాను అయ్యాడు.

తర్వాత నవాబు స్వామిని పరీక్షించాలని, మాంసం ఉన్న పళ్లెం మీద గుడ్డ కప్పి సమర్పించాడు. స్వామి నీళ్లు చల్లి గుడ్డ తీయిస్తే, లోపల పూలూ పండ్లూ ఉన్నాయట. నవాబు సిగ్గుపడి, బాగా పండే ఊరు ఏదైనా ఇస్తానన్నాడు. స్వామి మాత్రం తుంగభద్ర ఒడ్డున ఉన్న మంచాలనే అడిగారు. ప్రహ్లాదుడు యాగం చేసిన చోటు అని. అదే ఇప్పటి మంత్రాలయం. 1671లో స్వామి అక్కడే బృందావన ప్రవేశం చేశారు.

ముగ్గురు, మూడు పాఠాలు

1. వెంకన్నకు పదవి తలకెక్కలేదు. ఎందుకంటే ఆ అక్షరాలు తనవి కావని ఆయనకు తెలుసు. ఎలా వచ్చిందో గుర్తున్నంతవరకు అది దమమే.

2. నవాబుకు అధికారం ఉంది కాబట్టే ఎదుటివాణ్ణి పరీక్షించాలనిపించింది. కానీ తప్పు తెలిశాక అదే అధికారంతో దానం చేశాడు. అంటే మదం దిగే జబ్బే!

3. స్వామి ఏదైనా అడగొచ్చు. అయినా తనకు కావలసినంతే అడిగారు.

ప్రహ్లాదుణ్ణి కూడా చూడండి. హిరణ్యకశిపుడు కూర్చున్న సింహాసనం మీదే ఆయనా కూర్చున్నాడు. సింహాసనం మారలేదు, కూర్చున్నవాడు మారాడు.

ఇవన్నీ పాతకాలం మాటలు అంటారా? ఎమ్మిగనూరుకు రండి. 1938లో మాచాని సోమప్ప గారు అక్కడ చేనేత సహకార సంఘం పెట్టారు. సహకార సంఘం అంటే నూలు కలిసి కొనడం, గుడ్డ కలిసి అమ్మడం. ఒక్కడి తెలివి ఒక్కడి గల్లాపెట్టెలోనే ఆగకుండా మగ్గం మగ్గానికీ చేరుతుంది. 1954లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఈ వారం సాధన

రాత్రి పడుకునే ముందు మీకున్న మూడు బలాలు కాగితం మీద రాయండి. ఒక్కొక్కదాని పక్కన రెండు ప్రశ్నలు: ఇది నాకు ఎవరి వల్ల వచ్చింది? ఈ రోజు దీనివల్ల ఎవరు చిన్నబోయారు?

నేను రాసినప్పుడు రెండు ప్రశ్నలకూ ఒకటే పేరు వచ్చింది. మరుసటి రోజు పొద్దున్నే ఫోన్ పట్టుకుని నాయన పక్కన కూర్చున్నాను. "నిన్న అట్ల అనకుండా ఉండాల్సింది నాయనా" అన్నాను. "దాంట్లో ఏముందిలేప్పా, ముందు ఏది నొక్కాల చెప్పు" అన్నాడు.

ఐదోసారికి నాకు రూపాయి పంపించాడు. ఆ మెసేజ్ ఇంకా డిలీట్ చేయలేదు.

సర్వే జనాః సుఖినో భవంతు.