ఢిల్లీ అక్షాంశం, వైజాగ్ ఉక్క: హ్యూస్టన్ కథ

ఎమ్మెస్‌కి హ్యూస్టన్ వెళ్లేవాడు సూట్‌కేస్ సర్దుకుంటుంటే సీనియర్లు రెండు రకాలుగా చెప్తారు. "అక్కడ కూడా మన ఎండలే రా, స్వెటర్లు మోసుకెళ్లకు" అని ఒకరు, "జాకెట్ లేకపోతే చస్తావ్" అని ఇంకొకరు. ఇద్దరూ చెప్పేది నిజమే. ఎలాగో తెలియాలంటే ఒకసారి మ్యాప్ తెరవాలి.

హ్యూస్టన్ దాదాపు 30 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద, ఢిల్లీ కన్నా కాస్త పైన ఉంది. దానికి ఆగ్నేయంగా గోరువెచ్చటి మెక్సికో సింధుశాఖ. అక్కడివాళ్లు గల్ఫ్ అనేది దీన్నే, మన దుబాయ్ వైపు గల్ఫ్ కాదు. ఉత్తరాన మాత్రం కెనడా దాకా మైదానమే. రాకీ పర్వతాలు ఉన్నాయి కదా అంటారేమో, అవి ఉత్తర దక్షిణాలుగా సాగుతాయి కాబట్టి చలిగాలికి అడ్డు రావు. మనకి హిమాలయాలు అడ్డంగా నిలబడ్డాయి. ఒకవైపు సముద్రపు తేమ, మరోవైపు ధ్రువాల చలి, మధ్యలో గోడ లేదు. కోపెన్ వర్గీకరణలో ఈ శీతోష్ణస్థితి పేరు 'సీఎఫ్ఏ', అంటే తేమతో కూడిన ఉప ఉష్ణమండలం.

ముందు వేసవి సంగతి. జులై, ఆగస్టుల్లో పగటి ఉష్ణోగ్రత 35 దగ్గర ఉంటుంది. రెంటచింతలలో 45 చూసినవాడికి అదో లెక్కా అనిపిస్తుంది. కానీ చూడాల్సింది డ్యూ పాయింట్. గాలిని ఎంతదాకా చల్లబరిస్తే అందులోని ఆవిరి నీరవుతుందో ఆ ఉష్ణోగ్రత అన్నమాట. అక్కడ వేసవిలో అది తరచుగా 24 దగ్గర ఉంటుంది. ఒక గ్రాము చెమట ఆవిరైతే ఒంట్లోంచి సుమారు 2,400 జౌళ్ల వేడి పోతుంది. గాలి నిండా ముందే ఆవిరి ఉంటే చెమట ఆరదు, కారుతుంది. రాత్రి కూడా ఉపశమనం ఉండదు. గాలి 24కి దిగేసరికి ఆవిరి నీరవడం మొదలై, గుప్తోష్ణాన్ని తిరిగి వదులుతుంది, ఇక ఆ కిందికి దిగడం కష్టం. విశాఖ ఉక్కపోత తెలిసినవాళ్లకి ఇంత వివరణ అక్కర్లేదు.

అక్కడ మనలాగా వానాకాలం అని విడిగా లేదు, అన్ని నెలల్లోనూ పడుతుంది. ఏడాదికి సుమారు 1,250 మిల్లీమీటర్లు. హైదరాబాద్‌లో పడేది దాదాపు 800. జూన్ నుంచి నవంబర్ దాకా హరికేన్ల భయం వేరే. 2017 ఆగస్టులో హార్వీ వచ్చినప్పుడు ఆగ్నేయ టెక్సాస్‌లో కొన్నిచోట్ల కొద్దిరోజుల్లోనే 1,500 మిల్లీమీటర్లు దాటింది. హైదరాబాద్‌కి దాదాపు రెండేళ్ల వాన!

చలికాలం మామూలుగా హాయిగానే ఉంటుంది, టీషర్టు మీద తిరగొచ్చు. ఉన్నట్టుండి ఉత్తరపు గాలి దిగితే మాత్రం గంటల్లో పది డిగ్రీలు పడిపోతుంది. 2021 ఫిబ్రవరిలో హ్యూస్టన్ మైనస్ 10 చూసింది. ఢిల్లీలో సున్నా కిందికి పోవడమే అరుదు. ఎండని తట్టుకునేలా కట్టిన ఇళ్లు కదా, పైపులు పగిలాయి. కరెంటు రోజుల తరబడి లేదు. టెక్సాస్ మొత్తం మీద 200 మందికి పైగా చనిపోయారు. అందులో కొందరిని చంపింది చలి కాదు. వెచ్చదనం కోసం మూసిన గరాజ్‌లో కారు ఆన్ చేసి ఉంచినవాళ్లు, ఇంట్లో బొగ్గులు రాజేసుకున్నవాళ్లు కార్బన్ మోనాక్సైడ్‌కి బలయ్యారు.

కాబట్టి జాకెట్ ఒకటి పెట్టుకోండి. రూమ్ చూసేటప్పుడు అద్దెతోపాటు ఆ వీధిలోకి వరద నీళ్లు వస్తాయా అని, కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉందా అని కూడా అడగండి.