నిద్రకును వ్యాధులు గలవు

తరగతిలో కునికిపాట్లు పడు బాలుని "సోమరి" యందురు. నడురేయి లేచి నడచు బాలికను జూచి "గాలి సోకినది" యందురు. ఈ రెండును తొందరపాటు మాటలు. నిద్రకును వ్యాధులు గలవని బాలబాలిక లెఱుంగవలయునని మే మీ వ్యాసము వ్రాయుచున్నాము.

నిద్రలో మెదడు పని మానదు. 1953వ సంవత్సరమున షికాగో విశ్వవిద్యాలయమునకు జెందిన అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అను శాస్త్రజ్ఞులు, నిద్రించువారి కనుగ్రుడ్లు నడుమనడుమ ఱెప్పలక్రింద వడిగా కదలుచుండునని ప్రకటించిరి. స్పష్టమైన కలలు హెచ్చుగా వచ్చున దప్పుడే. గాఢనిద్ర వేఱు; అది రాత్రి మొదటి భాగమున నెక్కువ. గాఢనిద్రలో మెదడు సగము మేల్కొని సగము నిద్రించుచున్నచో బిడ్డ లేచి నడచును, లేదా కెవ్వున నఱచును. తెల్లవారిన పిమ్మట వానికి జ్ఞాపక ముండదు. పెక్కుమందికి వయసు పెరిగిన కొలది నిది మానును. అట్టి బిడ్డను కొట్టక, మెల్లగా పడకకు జేర్పవలయును. మెట్లకడకును బావికడకును పోకుండ తలుపు భద్రపఱుపవలయును.

రెండవది గురక. గొంతులోని టాన్సిల్సు, ముక్కు వెనుకనుండు అడినాయిడ్లు పెరిగినచో గాలి త్రోవ యిఱుకగును. ఊపిరి క్షణకాల మాగి, ఉక్కిరిబిక్కిరియై మరల సాగును. రాత్రి యెల్ల నిట్లు నిద్ర చెడిన బాలుడు పగలు పాఠ మెట్లు వినగలడు?

మూడవది నార్కోలెప్సీ. 1880లో గెలినో అను ఫ్రెంచి వైద్యుడు దీని కీ పేరు పెట్టెను. రాత్రి చాలినంత నిద్రించినను పగలు ఆపుకొనరాని నిద్ర వచ్చును. కొందఱికి నవ్వినపుడు మోకాళ్లు సడలును. మెలకువను నిలుపు ఓరెక్సిన్ అను పదార్థము మెదడులో తఱుగుటయే పెక్కుమందిలో దీనికి కారణము. దీనికి బెత్తము మందు గాదు.

అయితే కునుకెల్ల వ్యాధి యనరాదు. ఆఱు మొదలు పండ్రెండేండ్లవారికి 9 మొదలు 12 గంటలును, పదుమూడు మొదలు పదునెనిమిదేండ్లవారికి 8 మొదలు 10 గంటలును నిద్ర వలయును. తల్లిదండ్రులు ముందుగా దీనిని సరిచూడవలయును. పడకలో సెల్‌ఫోను నుంచరాదు. అటుపిమ్మటను కునుకు తగ్గనిచో, లేక ప్రతిరాత్రి గురక వచ్చుచున్నచో వైద్యునికి జూపవలయును.

విద్యార్థులారా, మీ ప్రక్క బల్లమీదివాడు కునికిన నవ్వకుడు. రాత్రి నిద్ర పట్టినదా యని మెల్లగా నడుగుడు. నోరు తెఱచి చెప్పుకొనలేని కష్టము వానికి గలదేమో!