అంతర్జాలమున తెలుగు పాఠము: అక్షరదోషములకు మూలము

తాళపత్ర ప్రతులందలి పాఠదోషమునకు ఏ లేఖకుడు కారకుడో వెదకుట పండితులకు అలవాటు. ఈ-మెయిలులో వచ్చిన పాఠమున అక్షరములు చెడినప్పుడు మాత్రము నేరమును అంతర్జాలముపై మోపి ఊరకుందురు. ఇది సరికాదు. అంతర్జాలము ఒకదానిపై నొకటిగా పేర్చిన పొరల కూర్పు. ఏ పొర యే పని చేయునో తెలిసినగాని దోషము పుట్టినచోటు తేలదు.

క్రిందనున్న ఐపి ప్యాకెట్టును గమ్యమువైపు నడపును. చేరునని హామీ ఈయదు. దానిపైనున్న టిసిపి బైట్లకు వరుససంఖ్య లిచ్చి, పోయినవానిని మరల పంపి, ముందువెనుకలైనవానిని సరిచేయును. లిపిభేదము ఈ రెంటికిని పట్టదు. 'స్త్రీ' అనునది వైయాకరణునికి ఒక్క అక్షరము. యూనికోడ్‌లో ఆరు సంకేతములు. యుటిఎఫ్-8 పద్ధతిలో 18 బైట్లు. టిసిపి యెరిగినది ఆ 18 మాత్రమే.

ఈథర్నెట్టుపై ప్యాకెట్టునకు సాధారణ పరిమితి 1500 బైట్లు. ఐపి నాల్గవ కూర్పున రెండు పొరల శీర్షికలకును చెరి 20 పోగా 1460 మిగులును. పదముల నడుమ ఖాళీలు లేని తెలుగు పాఠమైనచో అందు 486 సంకేతములు పట్టును. 487వ దాని రెండు బైట్లు ఇందును, మూడవది తరువాతి ప్యాకెట్టునను పడును. ఇది దోషము కాదు. టిసిపి రెంటిని వరుసగానే అందించును. అందినంతలో తొందరపడి చదువు అనువర్తనమే ఆ సంకేతమును చెరచును.

మెయిలు విషయము ఇంకను చిక్కైనది. 1982లో జాన్ పోస్టెల్ రచించిన ఎస్‌ఎంటిపి నిర్దేశము 7 బిట్ల ఆంగ్లసంకేతములకే ఏర్పడినది. ఎనిమిదవ బిట్టు సున్న కావలెను. ఆ నియమమును అక్షరాల పాటించు సర్వరు చేతిలో 'త' యొక్క మూడు బైట్లును ఒక చిన్న వాలుగీత, ఒక సున్న, ఒక డాలరు గుర్తుగా మారిపోవును. టిసిపి దీనిని పట్టుకొనలేదు. ఏలయన, ఉత్తరము సర్వరునుండి సర్వరునకు మజిలీలుగా పోవును. మజిలీ మజిలీకి టిసిపి సంబంధము వేరు. మార్పు రెండు సంబంధముల నడుమ జరిగినది. ఒకడు తప్పుగా వ్రాసిన ప్రతికి మరియొకడు తప్పులేని నకలు తీసినట్లే యిది.

1992లో వెలువడిన మైమ్ క్రింది పొరలను కదపకయే ఈ చిక్కును తీర్చినది. అందలి బేస్64 పద్ధతి ప్రతి 3 బైట్లను 4 ఆంగ్లచిహ్నములుగా మార్చును; 'స్త్రీ' 24 చిహ్నములగును. పాత సర్వరునకు అది ఆంగ్లపు వ్రాతయే. మూలము ఏ సంకేతపద్ధతిలోనిదో మెయిలు శీర్షికలో తెలుపవలెను. తెలుపనిచో అందుకొన్న యంత్రము ఊహింపవలసివచ్చును. ఉత్తరము ఏ సర్వరుల మీదుగా వచ్చినదియు ఆ శీర్షికయందే నమోదగును. ప్రతుల పుష్పికను ఒక్క అక్షరము విడువక ఎత్తివ్రాసికొను పరిష్కర్తలు, మెయిలు శీర్షికను మాత్రము పారవేసి పాఠమును దాచుకొనుచున్నారు.