రెండు రాత్రులు కొండమీదే పడుకో

శృంగవరపుకోట

చిరంజీవి చిన్నబాబుకి బాబాయి ఆశీస్సులు.

ఫోన్లో నువ్వు చెప్పిన లెక్క విన్నాను. తెల్లారి విశాఖలో కారెక్కి బొర్రా, అరకు, చాపరాయి, పాడేరు, లంబసింగి అన్నీ చూసేసి రాత్రికి దిగిపోతారట! తెల్లవారుజామున మంచు చూడాల్సిన లంబసింగికి చీకటిపడ్డాక వెళ్లి ఏం చూస్తావురా? దాన్ని కొట్టేయ్. రెండు రాత్రులు పైనే పడుకోండి.

వెళ్లేటప్పుడు కారు వద్దు, కిరండూల్ రైలెక్కు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి చేర్చడానికి 1960లలో కొండల్ని తొలిచి వేసిన లైను అది. మా ఊరు దాటిన కాసేపటికి సొరంగాలు మొదలవుతాయి. అద్దాల పెట్టెలో టిక్కెట్టు దొరక్కపోతే బెంగపడకు. మామూలు పెట్టెలో కుడివైపు కిటికీ పట్టు. సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లలు పెట్టే కేకలు అక్కడే బాగుంటాయి.

బొర్రా గుహల్లో గైడు శివుణ్ణీ పార్వతినీ చూపిస్తాడు, సరే. గోస్తనీ నీళ్లు యుగాలుగా సున్నపురాయిని కరిగించి చేసిన పని అది. కాసేపు మాటలాపి పైనుంచి చుక్క పడే చప్పుడు కూడా విను.

చాపరాయి దగ్గర మాత్రం నా మాట జవదాటకు. నీళ్లు లోతనిపించవు, బండ చాపలా పరుచుకుని పిలుస్తుంది. నీ వయసులో నేనూ ఫోటో కోసం రెండడుగులు ముందుకేశాను. పాచిమీద కాలు జారి మణికట్టు విరిగింది. నెలన్నర కట్టుతోనే ఆఫీసుకెళ్లాను. ఆ ఫోటో ఇంకా ఉంది. అందులో నేను లేను, నా చెప్పొక్కటే ఉంది. మీ పిన్ని ఇప్పటికీ ఇంటికొచ్చినవాళ్లకి చూపిస్తుంది.

అసలు చూడాల్సింది సంత. ఏ ఊరి సంత ఏ రోజో టీకొట్టులో అడిగి, మిగతావన్నీ దాన్నిబట్టి సర్దుకో. పొద్దు పొడవకముందే కావిళ్లతో, నెత్తిన మూటలతో జనం కొండల మీంచి దిగుతారు. పసుపు, అల్లం, పిప్పళ్లు, అడ్డాకుల కట్టలు, రాజ్‌మా గింజలు. ఒకసారి నాకు గింజలమ్మిన ముసలమ్మ సోల నిండాక ఇంకో గుప్పెడు తనే వేసింది. అలాంటివాళ్ల దగ్గర పది రూపాయలకి బేరమాడకు. ఫోటో తీయాలంటే అడుగు. వద్దంటే ఫోను జేబులో పెట్టేయ్.

కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ నీడన కాఫీ మొక్కలుంటాయి, ఆ చెట్లమీదికే మిరియాల తీగ పాకి ఉంటుంది. అరకు అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పండు ఎర్రగా ఉంది కదా అని దూసుకోకు. ఎవరో ఏడాదంతా కాపు కాసిన పంట అది.

జేబులో చిల్లర ఉంచుకో. సిగ్నల్ లేనిచోట ఫోనుతో టీ డబ్బులివ్వలేవు. దిగేటప్పుడు జీపు మాట్లాడుకుంటే, ఎక్కే గేరులోనే దిగమని డ్రైవరుకి చెప్పు. పొగమంచులో రాత్రిపూట ఘాట్ రోడ్డు వద్దేవద్దు.

కిందికి వచ్చాక మా ఇంట్లో భోంచేసి వెళ్లాలి. అడ్డాకులు రెండు కట్టలు తెమ్మని పిన్ని చెప్పమంది.

నీ బాబాయి