ఆనందముతో తిరిగి వచ్చుట

పాఠ్యభాగము: నెహెమ్యా 8:1-18, 9:1-3

ప్రియులారా, శోధనలో పడిన విశ్వాసి సిగ్గుతో ఆరాధన మాని, ప్రభువు బల్లకు దూరమగుట మన సంఘములలో చూచుచున్నాము. పడుట ఒక నష్టము. దిగులుతో అక్కడనే ఉండిపోవుట మరింత నష్టము.

యెరూషలేములో ఏడవ నెల మొదటి దినమున ఎజ్రా ధర్మశాస్త్రము చదువగా ప్రజలు ఏడ్చిరి. ఏడ్వవద్దనియు, భుజించి లేనివారికి వంతులు పంపుమనియు నాయకులు వారితో చెప్పిరి; ప్రభువునందలి ఆనందమే వారికి బలము. అట్లయిన పాపమును తేలికగా ఎంచిరా? లేదు. పర్ణశాలల పండుగ ఆచరించిన పిమ్మట, 24వ దినమున ఉపవాసముండి తమ పాపములను ఒప్పుకొనిరి. ఆనందము ఒప్పుకోలుకు ధైర్యమిచ్చెను.

యూదులు పశ్చాత్తాపమును ‘తెషువా’ అందురు. తిరిగి వచ్చుట అని దాని భావము. 1796లో అచ్చయిన ‘తాన్యా’ గ్రంథములో రబ్బీ ష్నేయూర్ జల్మాన్ ఇద్దరు మల్లుల పోలిక చెప్పెను: బలవంతుడైనను మందముగా పోరాడువాడు ఓడిపోవును. దిగులుపడిన మనస్సు శోధనయెదుట అట్టిదే.

మనకైతే క్రీస్తు రక్తమునుబట్టి క్షమాపణ నిశ్చయము (1 యోహాను 1:7-9). తప్పిన కుమారుని తండ్రి విందుతో చేర్చుకొనెను గదా! కాబట్టి ఈ వారము ఆరాధనకు రాని ఒకరి ఇంటికి వెళ్లుదము. నిందతో కాదు, వంతు తీసికొని వెళ్లుదము.

ధ్యానించుడి: మన దుఃఖము మనలను ప్రభువునొద్దకు నడుపుచున్నదా, దూరము చేయుచున్నదా?