నీటియడుగున సమతూకము : స్కూబా గాలిచొక్కా నెన్నుకొను విధము

నీటిలో మునిగిన వస్తువు ఎంత నీటిని తొలగించునో, అంత నీటి బరువునకు సమానమైన బలముతో నీరు దానిని పైకి నెట్టునని ఆర్కిమిడీసు కనుగొనెను. దీనినే మనము తరగతిలో ఉత్ప్లవన మందుము. పాఠ్యపుస్తకమున నిది యొక పంక్తి మాత్రమే; సముద్రగర్భమున సంచరించువానికి ప్రాణాధారము. లీటరు సముద్రజలము సుమారు 1.025 కిలో తూగును. కావున తిత్తిలో నింపిన యొక లీటరు గాలి నీటిలో రమారమి ఒక కిలో బరువు నెత్తగలదు.

1943లో ఫ్రాన్సు దేశమున జాక్ కూస్టో, ఎమిల్ గాన్యాన్ అనువారు, ఊపిరి పీల్చినపుడే గాలి నందించు శ్వాసయంత్రమును సిద్ధపరచిరి. దానివలన మానవుడు వీపున సిలిండరు ధరించి నీటిలో స్వేచ్ఛగా తిరుగగలిగెను. అయితే శ్వాస దొరికినంతమాత్రమున చాలదు; అడుగునకు క్రుంగక, పైకి తేలిపోక, నడుమ నిలువవలెను. చాల చేపలకు సృష్టికర్త శరీరములోనే గాలితిత్తి నమర్చియున్నాడు. దానికి బదులుగా మానవుడు ధరించు తిత్తిగల చొక్కాకు బాయెన్సీ కంట్రోల్ డివైస్, క్లుప్తముగా బి.సి.డి., అని పేరు.

తిత్తి యెంత పెద్దదైన నంత క్షేమమని క్రొత్తవారు తలంచుట కలదు. అది సరికాదు. ఋషికొండ యొద్దనుండువంటి వెచ్చని సముద్రమున, పలుచని రబ్బరు దుస్తుతో మునుగువాని లెక్క చూతము. 11 లీటర్ల సిలిండరులో గాలి 200 బార్ నుండి 50 బార్ వరకు తగ్గునప్పటికి సుమారు 2 కిలోల గాలి ఖర్చగును. అనగా మొదట నతడు అంత అధికముగ బరువుండును. లోతున రబ్బరులోని బుడగలు నలిగి దుస్తు తేలికదనమును పోగొట్టుకొనును. దానికి 2 కిలోలనుకొందము. నీటిపైన తల నెత్తియుంచుటకు మఱి 5 కిలోలు. అన్నియు నొక్కసారి తటస్థించినను 9 కిలోలే. కొంత మిగులుంచుకొన్నను 12 కిలోల నెత్తగల తిత్తి చాలును. చల్లని సముద్రములలో మందమైన దుస్తులు ధరించువారికి ఇంతకన్న పెద్దది కావలెను.

అవసరమునకు మించి సీసము కట్టుకొని, దానిని మోయుటకై తిత్తి నధికముగ నింపుటలో అపాయమున్నది. 20 మీటర్ల లోతున పీడనము 3 వాతావరణములు. 10 మీటర్ల యొద్ద 2. కావున అడుగున నింపిన 6 లీటర్ల గాలి 10 మీటర్ల యొద్దకు వచ్చుసరికి 9 లీటర్లగును. వెంటనే విడువనియెడల అది మనుష్యుని మఱింత వేగముగ పైకి లాగును. అట్లు లేచునప్పుడు ఊపిరి బిగబట్టిన ఊపిరితిత్తులు చినుగవచ్చును. రక్తమున నత్రజని బుడగలేర్పడవచ్చును.

బి.సి.డి.లు ముఖ్యముగ మూడు విధములు. మొదటిది జాకెట్టు: గాలి ప్రక్కలనుకూడ నిండుటచే నీటిపైన నిటారుగ నిలుపును, కాని ఇఱుకైనచో రొమ్మును బిగించును. రెండవది వీపు తిత్తి: నీటిలో శరీరమును చక్కగ అడ్డముగ నుంచును, మిక్కిలి నింపినయెడల నీటిపైన ముఖమును ముందునకు త్రోయును. మూడవది లోహపుపలక, రెక్కవంటి తిత్తి, పట్టీలు వేఱువేఱుగ కూర్చుకొనునది: అభ్యాసముగలవారికి అనుకూలము; ఉక్కుపలకయే కొంత సీసమునకు బదులు పనిచేయును.

కొనుటకుగాని అద్దెకు తీసికొనుటకుగాని ముందు ఈ క్రింది పరీక్షలు చేయవలెను. దుస్తుమీద తొడిగికొని, నిండ గాలి నింపి, దీర్ఘముగ ఊపిరి పీల్చుము. రొమ్ము బిగియరాదు, చొక్కా చెవులవఱకు జరుగరాదు. గాలి నింపు మీట నొక్కి విడువుము. అది యతుకుకొని నిలిచినయెడల ఆ చొక్కాను ధరింపకుము. భుజముమీదిదియు, క్రిందిదియునగు విడుదల కవాటములు రెండును చేతి కందుచున్నవేమో చూడుము. తిత్తిని నింపి కొన్ని గంటలుంచి, గాలి తగ్గెనా యని పరిశీలింపుము. నోటితో నింపుటయు నేర్చుకొనుము. వాడిన పిమ్మట వెలుపలను లోపలను మంచినీటితో కడుగుము; ఉప్పు కవాటములను చెఱచును.

విద్యార్థులారా, ఎంత మంచి చొక్కాయైనను శిక్షణకు బదులుగాదు. తల్లిదండ్రులు తమ పిల్లలను ఈ విద్యకు పంపునపుడు, వారి కొలతకు సరిపోవు చొక్కా యిచ్చుచున్నారా, సీసమును నీటిలో తూచి కట్టుచున్నారా యని యడుగుట మేలు. పెద్దవారి చొక్కాను పట్టీలు బిగించి పిల్లవానికి తొడుగుట తగదు. తన బరువును తానెఱిగి, దానికి సరియైనంత గాలియే నింపుకొనువాడు సముద్రమున సుఖముగ చరించి, క్షేమముగ ఒడ్డు చేరును.