ఎర్ర రక్తకణం బిరుసెక్కితే...

ప్రశ్న: ఎర్ర రక్తకణాల గట్టిదనానికీ సికిల్ సెల్ వ్యాధికీ సంబంధం ఏమిటి?

జవాబు: ఎర్ర రక్తకణం వెడల్పు 7 నుంచి 8 మైక్రాన్లు. చాలా కేశనాళికలు అంతకంటే ఇరుకు. ప్లీహంలోని సందులైతే 1 మైక్రాన్‌కు అటూ ఇటూ ఉంటాయి. ఆరోగ్యకరమైన కణం సాగి, మడతపడి ఆ దారులు దాటాక మళ్లీ మామూలు రూపానికి వస్తుంది. సుమారు 120 రోజులు బతుకుతుంది. పాడేరు, అరకు మన్యంలోని గిరిజనుల్లో కనిపించే సికిల్ సెల్ వ్యాధిలో ఈ సాగే గుణం దెబ్బతింటుంది. హిమోగ్లోబిన్ బీటా గొలుసులో ఆరో స్థానాన గ్లుటామిక్ ఆమ్లానికి బదులు వాలీన్ ఉండటమే దీనికి మూలం. ఆక్సిజన్ తగ్గగానే ఈ హిమోగ్లోబిన్ పోగులు కట్టి, కణం కొడవలిలా వంగి బిరుసెక్కుతుంది. సన్నని నాళాల్లో ఇరుక్కుంటే ఎముకల్లో, కీళ్లలో తీవ్రమైన నొప్పి వస్తుంది. కణాలు 10-20 రోజులకే చితికిపోవడంతో రక్తహీనత ఏర్పడుతుంది.

ప్రశ్న: మైక్రోఫ్లూయిడిక్స్ చిప్‌తో గట్టిదనాన్ని ఎలా కొలుస్తారు?

జవాబు: గాజు పలకకు అతికించిన పారదర్శక సిలికోన్ ముక్కలో కొన్ని మైక్రాన్ల వెడల్పున్న కాలువలు ఉంటాయి. పలుచన చేసిన రక్తాన్ని నిర్ణీత ఒత్తిడితో వాటిలోకి పంపి, సూక్ష్మదర్శిని కింద హైస్పీడ్ కెమెరాతో చిత్రిస్తారు. ఇరుకు దాటడానికి కణానికి పట్టిన సమయం, అది సాగిన తీరును బట్టి గట్టిదనాన్ని అంచనా వేస్తారు. ఆక్సిజన్‌ను క్రమంగా తగ్గిస్తూ కణం ఏ దశలో బిగుసుకుంటుందో కూడా చూడవచ్చు. ఒక్కో కణాన్నీ విడిగా కొలవడం వల్ల, సగటు లెక్కలో మరుగున పడే కొద్దిపాటి బిరుసు కణాలూ బయటపడతాయి. ఫాల్సిపారం మలేరియా సోకిన కణాలూ గట్టిపడతాయి కాబట్టి, వాటి అధ్యయనానికీ ఈ పద్ధతి పనికొస్తుంది.

ప్రశ్న: వ్యాధి నిర్ధారణకు ఈ పరీక్ష చాలుతుందా?

జవాబు: చాలదు. ఇది ప్రధానంగా పరిశోధనల్లో వాడే పద్ధతి. ప్రాథమికంగా చేసే సాల్యుబిలిటీ పరీక్షలో అనుమానం వస్తే, హిమోగ్లోబిన్ రకాలను వేరుచేసి చూపే హెచ్‌పీఎల్‌సీ లేదా ఎలక్ట్రోఫోరెసిస్‌తో వ్యాధిని నిర్ధారిస్తారు. 2023 జులై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ కింద 40 ఏళ్లలోపు వారికి పరీక్షలు చేస్తున్నారు. చికిత్సలో వాడే హైడ్రాక్సీయూరియా అనే మందు పిండ హిమోగ్లోబిన్‌ను పెంచి పోగులు కట్టడాన్ని తగ్గిస్తుంది. ఆ మందు ప్రభావాన్ని అంచనా వేయడానికి చిప్ కొలతలు తోడ్పడగలవు.

ప్రశ్న: రోగులు తీసుకోవాల్సిన జాగ్రత్తలేమిటి?

జవాబు: ఒంట్లో నీరు తగ్గితే కణంలోని హిమోగ్లోబిన్ చిక్కబడి పోగులు త్వరగా కడుతుంది. విశాఖ ఎండలో, ఉక్కు కొలిమి వేడిలో పనిచేసేవారు తరచూ నీళ్లు తాగాలి. లంబసింగి లాంటి చోట్ల చలి నుంచి ఒంటిని కాపాడుకోవాలి. జ్వరం, ఛాతీనొప్పి, ఆయాసం వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. భార్యాభర్తలిద్దరూ ఈ జన్యులోపానికి వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం 25 శాతం. అందుకే పెళ్లికి ముందే రక్తపరీక్ష చేయించుకోవడం మేలు.